గోడ మీద జ్యామితి బొమ్మ: గది కొలతల నుంచి టేపు పీకేదాకా

"అన్నా, ఈ డిజైన్ మా హాల్లో ఎట్ట వేసుకోవాలి?" అంటూ ఫోన్లో ఒక ఫొటో చూపించేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. త్రికోణాలు, పట్టీలు, అర్ధచంద్రాలు. చూడ్డానికి బాగానే ఉంటాయి. కానీ ఆ డిజైన్ ఇంకెవరి గదికో పుట్టింది. మీ గోడ మీద సగం బొమ్మ ముందే ఉంది: గుమ్మం, కిటికీ, బీము, స్విచ్చి బోర్డు, ఫ్లోరింగు అంచు. వాటితో మాట కలిపే మిగతా సగాన్ని గీయడమే మన పని.

మా పెద్దమ్మ సంక్రాంతి నెలలో ముగ్గు పెట్టేటప్పుడు చూశాను. ముందు గడప నడిమధ్యకి ఎదురుగా నిలబడి మొదటి చుక్క అక్కడ పెడుతుంది. వాకిలి ఎంత ఉందో చూసుకుని, చుక్కకీ చుక్కకీ మధ్య జానెడా బెత్తెడా అన్నది అప్పుడు తేలుస్తుంది. ముగ్గు ఎక్కడిదైనా కొలత మాత్రం ఆ వాకిలిదే. గోడకీ పద్ధతి అదే.

ఇక్కడ చెప్పేదంతా 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న హాలు గోడని మనసులో పెట్టుకుని. ఇంటి లోపలి గోడ, నీళ్ళతో కలిపే ఎమల్షన్ రంగులు.

## 1. ముందు గోడ పొడిగా ఉందా?

మన నెల్లూరు, ఒంగోలు తీరం వైపు వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలల్లో గోడ తాగిన చెమ్మ సంక్రాంతికి కూడా పూర్తిగా ఆరదు. అందుకే ఫిబ్రవరి, మార్చి నెలలు ఈ పనికి మంచివి. రోహిణి కార్తెలో మొదలుపెట్టారంటే రంగు బ్రష్షు మీదే ఆరిపోతుంది, గీతల కోసం అంటించే టేపు జిగురు గోడకి కరుచుకుంటుంది.

సముద్రానికి దగ్గరున్న ఊళ్ళలో, మైపాడు వైపైనా కొత్తపట్నం వైపైనా, ఇంకో బెడద ఉంది. ఉప్పు బోరు నీళ్ళతో కట్టిన గోడ అడుగున తెల్లగా ఉప్పు కక్కుతుంది. దాని మీద ఎంత ఖరీదు రంగు వేసినా పెచ్చులు లేస్తుంది.

పరీక్ష ఇలా చేయండి. అడుగున్నర చదరం ప్లాస్టిక్ కవరు ముక్కని గోడకి ఆనించి నాలుగు అంచులా గాలి చొరబడకుండా టేపు వేయండి. ఒకటి నేలకి అడుగు ఎత్తులో, ఇంకొకటి నడుం ఎత్తులో. రెండు రోజుల తర్వాత విప్పి చూడండి. గోడ వైపు చెమట పట్టి ఉంటే చెమ్మ గోడలోనే ఉంది. గది వైపు మాత్రమే తడి ఉంటే అది గాలిలో తేమ, భయం లేదు.

గోడ లోపలే చెమ్మ ఉంటే పెయింటింగు ఆపి, అది ఎక్కడి నుంచి వస్తోందో ముందు చూడండి: బాత్రూం పైపా, మిద్దె పైన నీళ్ళు నిలవడమా, పునాదా. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు వదిలేయాలి.

మొదలుపెట్టే ముందు చూసుకోవలసినవి:

- గోడ మీద చెయ్యి రాస్తే సున్నం పొడి అంటకూడదు. అంటితే గీకి, కడిగి, ఆరనివ్వాలి.
- పాత మేకు చిల్లులు, పగుళ్ళు లప్పంతో (పుట్టీతో) పూడ్చి ఇసుక కాగితంతో రుద్దాలి.
- రాత్రిపూట టార్చి లైటుని గోడకి పక్కగా ఆనించి చూడాలి. పగలు కనపడని ఎత్తుపల్లాలన్నీ అప్పుడు బయటపడతాయి. సూటి గీత వేశాక అవి మిమ్మల్ని వెక్కిరిస్తాయి.
- ప్రైమరు ఒక కోటు, బేస్ రంగు (బొమ్మ కింద గోడంతా వేసే రంగు) రెండు కోట్లు. ఆ తర్వాత వారం రోజులు గోడ ముట్టుకోకూడదు. పచ్చి బేస్ మీద టేపు వేస్తే పీకేటప్పుడు బేస్ కూడా ఊడి వస్తుంది.

## 2. గదిలో ఒక రోజు ఊరికే కూర్చోండి

పొద్దున 7కి, మధ్యాహ్నం 1కి, సాయంత్రం 5కి, రాత్రి ట్యూబులైటు వేశాక, నాలుగుసార్లు అదే కుర్చీలోంచి గోడ ఫొటో తీయండి. వెలుగు గోడ మీద వేసే ఏటవాలు గీత ఆ రోజుల్లో రోజూ దాదాపు అక్కడికే వస్తుంది. బొమ్మలో గీత దానికి దగ్గరదగ్గరగా, కానీ కలవకుండా ఉంటే ఆ గంటసేపు గోడ గజిబిజిగా కనిపిస్తుంది. కలపండి, లేదా దూరంగా జరపండి.

చాలామంది మరిచిపోయే సంగతి ఒకటి. నెల్లూరు అక్షాంశం సుమారు 14.4 డిగ్రీలు, ఒంగోలు 15.5. కాబట్టి మే మొదటి వారం నుంచి ఆగస్టు రెండో వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. ఫిబ్రవరిలో ఉత్తరం కిటికీ చూసి "ఇటు ఎండ రాదులే" అనుకుంటే ఎండాకాలంలో ఆ లెక్క తప్పుతుంది.

ఇంట్లోవాళ్ళు ఆ గోడని ఎక్కడి నుంచి ఎక్కువగా చూస్తారో కూడా రాసుకోండి. సోఫాలోంచా, వంటింటి గుమ్మంలోంచా, వీధి తలుపు తీయగానేనా? కూర్చున్న మనిషి కన్ను నేలకి మూడున్నర, నాలుగడుగుల మధ్య ఉంటుంది. నిలబడితే అయిదు. బొమ్మలో బరువైన ముదురు ఆకారం ఎక్కడ పెట్టాలో ఈ ఎత్తే చెప్తుంది.

## 3. గది ఎంత వంకరగా ఉందో కొలవండి

ఇక్కడే ఎక్కువ సేపు ఉండండి. మనవాళ్ళు కట్టిన మిద్దెల్లో నూటికి నూరు పాళ్ళు మట్టంగా ఉన్న గది నేను ఇంతవరకు చూడలేదు.

మొదట్లో నెల్లూరులో ఒకరింట్లో హాలు గోడకి పైన అడ్డంగా ఒక పట్టీ వేశాను. లెవెల్ పైపుతో (నీళ్ళు నింపి మట్టం చూసే పైపు) రెండు చివరలూ సరిచూసి, వెంట్రుకవాసి తేడా లేకుండా గీశాను. టేపు పీకాక ఆ ఇంటి ముసలమ్మ పడక్కుర్చీలోంచి చూసి, "ఏంది నాయనా, గోడ ఒక పక్కకి ఒరిగినట్టుండాదే" అంది. నాకు మండింది. గబగబా నిచ్చెనేసి కొలిచా. నా గీత మట్టంగానే ఉంది, శ్లాబే ఒక మూల నుంచి రెండో మూలకి అంగుళంపావు దిగి ఉంది. శ్లాబుకీ పట్టీకీ మధ్య మిగిలిన తెల్లటి సందు ఒక వైపు 4 అంగుళాలు, ఇంకో వైపు 2¾. ముసలమ్మ కన్ను పట్టింది దాన్నే.

ఇలా కొలవండి:

1. మేస్త్రీల లెవెల్ పైపు తీసుకోండి. బుడగలు పోయేదాకా నీళ్ళు నింపి, గోడ రెండు చివర్లా నేలకి సుమారు 4 అడుగుల ఎత్తున నీటిమట్టం గుర్తు పెట్టండి. ఆ రెంటినీ సుద్ద దారంతో (సుద్దపొడి పూసిన దారం) కలపండి. ఇది మీ మూలగీత.
2. మూలగీత నుంచి పైకి శ్లాబుదాకా, కిందికి నేలదాకా అడుగుకొకచోట కొలిచి రాసుకోండి. శ్లాబు ఎటు దిగిందో అంకెల్లో తెలుస్తుంది.
3. రెండు మూలల్లోనూ గుండు దారం (కింద బరువు కట్టిన దారం) వేలాడదీయండి. గోడ అంచు దారానికి ఎంత దూరం జరిగిందో పైనా కిందా చూడండి.
4. కర్ణాలు కొలవండి. 12 × 10 గోడకి కర్ణం సుమారు 15 అడుగుల 7½ అంగుళాలు రావాలి. రెండు కర్ణాలకీ తేడా ఉంటే మీది దీర్ఘచతురస్రం కాదు.
5. గుమ్మం, కిటికీ పైఅంచులు (వాటి పైనుండే అడ్డ దిమ్మ, అంటే లింటెల్, చాలా ఇళ్ళలో 7 అడుగుల దగ్గర ఉంటుంది), కిటికీ గట్టు, సజ్జ, బీము దిగుడు, స్విచ్చి బోర్డులు, ఏసీ పైపు, అన్నీ మూలగీత నుంచి కొలిచి రాయండి.

వంకర తేలాక సూత్రం ఇది: శ్లాబుకి అడుగు లోపల వచ్చే గీత శ్లాబుతో పాటే పోవాలి, మట్టంతో పని లేదు. నేలకి దగ్గరది స్కర్టింగుతో (గోడ అడుగున వేసే రాతి పట్టీ) పోవాలి. నడిగోడ మీద వచ్చేది మాత్రం మట్టంగా ఉండాలి. కంటికి పక్కనున్న గీతే సాక్ష్యం, రసమట్టం కాదు.

## 4. గదితో కలిసి నడవడమా, ఎదురు తిరగడమా?

డిజైన్ గీయకముందే ఈ సంగతి తేల్చుకోండి. సగం ఒకటి, సగం ఒకటి చేసిన గోడలే ఎక్కువగా చెడుతాయి.

కలిసి నడిచే దారి: 1924లో నెదర్లాండ్స్‌లోని ఊట్రెక్ట్‌లో డచ్ ఆర్కిటెక్ట్ గెరిట్ రీట్‌వెల్డ్ కట్టిన ష్రోడర్ ఇంట్లోలా, నిలువు అడ్డం పలకలే బొమ్మ. లింటెల్ మట్టాన్ని గోడ అంతా సాగదీయండి, గుమ్మం అంచుని శ్లాబుదాకా నిలువుగా తీయండి. చిన్న గదులకి, సామాను ఎక్కువున్న గదులకి ఇదే మేలు. తొలిసారి చేసేవాళ్ళకీ ఇదే నా సలహా.

ఎదురు తిరిగే దారి: డచ్ చిత్రకారుడు థియో వాన్ డూస్‌బర్గ్ 1928లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న ఓబెత్ భవనం సినిమా హాల్లో గోడలకీ కప్పుకీ 45 డిగ్రీల వాలులో పలకలు వేశాడు. గది నిలువుగా అంటుంటే బొమ్మ ఏటవాలుగా అంటుంది. ఖాళీగా, ఎత్తుగా ఉన్న హాలుకి ఇది కుదురుతుంది. మంచం, బీరువా, టీవీ ఉన్న గదిలో తల తిరుగుతుంది.

మూడోది, ఒక్క చోటు నుంచే కుదిరే బొమ్మ. స్విస్ కళాకారుడు ఫెలీచే వరీనీ పనులు చూసినవాళ్ళకి తెలుసు: ఒక చోట నిలబడితే నిండు వలయం, అడుగు పక్కకేస్తే ముక్కలు. దాని సంగతి 9వ మెట్టులో.

## 5. గ్రాఫ్ కాగితం మీద గీయడం

అడుగుకి అంగుళం లెక్కన గోడని గీయండి. బోర్డులు, పైపులు వదలకుండా. దాని మీద ట్రేసింగ్ కాగితం పెట్టి పది రకాలు గీసి పారేయండి.

మొదటి మూడు గీతలు గదిలోంచే తీసుకోండి. ఉదాహరణకి: లింటెల్ గీత సాగదీస్తే ఒకటి. కిటికీ కింది మూల నుంచి గుమ్మం పైమూలకి లాగితే ఒక ఏటవాలు. బీము అంచు నుంచి కిందికి దించితే ఒక నిలువు. నాలుగో గీత మీ ఇష్టం. 45 డిగ్రీలు అని గుడ్డిగా వేయకండి. కిటికీ మూల నుంచి వచ్చిన 38 డిగ్రీలే ఆ గోడకి నప్పుతుంది.

అంచుల దగ్గర మూడు నియమాలు నేను తప్పను:

- ఆకారం గది మూలకి సరిగ్గా వచ్చి ఆగకూడదు. ఆగితే మూల వంకరంతా కనిపిస్తుంది. జానెడు ముందే ఆపండి, లేదా మూల తిప్పి పక్క గోడ మీదికి అడుగు దాకా తీసుకెళ్ళండి.
- స్విచ్చి బోర్డుకి అర అంగుళం దూరంలో గీత పోకూడదు. బోర్డు అంచుని ఆనుకుని పోవాలి, లేదా బోర్డు మొత్తం ఒకే రంగులో మునిగిపోవాలి.
- బీముని దాచాలని చూడకండి. దానికి ఒక రంగిచ్చి ఆ రంగుని గోడ మీదికి దించితే బీము దానంతటదే బొమ్మలో కలుస్తుంది.

చివరికి ఒకటి ఎంచుకున్నాక పాత వార్తాపత్రికలు పెద్ద ఆకారాల కొలతకి కత్తిరించి, గోడకి అంటించి, రెండు రోజులు వాటితో కాపురం చేయండి. కాగితం మీద బాగున్నది గోడ మీద కొండలా మీద పడొచ్చు. పేపరు చింపడం తేలిక, రంగు చెరపడం కాదు.

## 6. రంగులు: నేల నుంచి మొదలుపెట్టండి

గోడ రంగు మార్చుకోవచ్చు, నేల మార్చలేరు. అందుకని మొదటి రంగు నేల చెప్పాలి. కడప బండ అయితే దాని నల్లబూడిద రంగు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వేసుకున్నవాళ్ళు ఆ నలుపులో మెరిసే రాగి చుక్కలు చూసి పసుపుమట్టి రంగు ఎంచుకుంటే గదంతా ఒక్కటవుతుంది. ఆ నునుపు గ్రానైట్ అద్దంలా పనిచేస్తుంది కూడా: గోడ అడుగు భాగంలో త్రికోణం వేస్తే నేలలో తలకిందుల త్రికోణం కనిపిస్తుంది. కావాలనుకుంటే వాడుకోండి, వద్దనుకుంటే కింది రెండడుగులు ఖాళీగా వదలండి.

- తెలుపు కాక మూడు రంగులు చాలు. అయిదు దాటితే ఆటస్థలం గోడ అయిపోతుంది.
- దూరపు పొట్టి గోడకి ముదురు రంగు వేస్తే పొడుగు హాలు దగ్గరికి జరిగినట్టుంటుంది. ఎరుపు, పసుపు ముందుకొస్తాయి. నీలం వెనక్కి పోతుంది.
- రెండడుగుల అట్ట మీద వేసి, గోడకి ఆనించి, 2వ మెట్టులో చెప్పిన నాలుగు వేళల్లోనూ చూడండి. షాపు కార్డు మీది చిన్న ముక్కని నమ్మకండి.
- ఆ అట్టల్ని ఫోన్లో నలుపు-తెలుపు ఫొటో తీయండి. రెండు రంగులు ఒకే బూడిదగా కనిపిస్తే వాటి మధ్య అంచు గదిలో తేలిపోతుంది.
- అన్నీ ఒకే కంపెనీ, ఒకే మాట్ ఫినిష్. ఒకటి మెరిసి ఒకటి మెరవకపోతే రాత్రి లైటు కింద బొమ్మ విడిపోతుంది.
- మిషన్లో కలిపించిన షేడ్ కోడ్ ఫొటో తీసి పెట్టుకోండి.

డబ్బా మీద రాసిన చదరపు అడుగుల లెక్కలో రెండొంతులే నమ్మండి, మూడో వంతు బ్రష్షుకీ లప్పానికీ పోతుంది.

## 7. గోడ మీదికి ఎక్కించడం

కావలసినవి: గుండు దారం, లెవెల్ పైపు, నీలం పొడి వేసిన సుద్ద దారం, 6 అడుగుల అల్యూమినియం పట్టీ, గట్టి పెన్సిలు, ఒక అంగుళం పెయింటర్స్ టేపు, పాత ఏటీఎం కార్డు, కట్టరు, 4 అంగుళాల చిన్న రోలర్లు, ఒకటిన్నర అంగుళం బ్రష్షు, రంగు పలచన చేయడానికి తాగే నీళ్ళు. బోరు నీళ్ళు వద్దు.

ఎరుపు సుద్దపొడి వాడకండి, మరక పోదు. బాల్ పెన్నుతో గీయకండి, మూడు కోట్ల మీది నుంచి కూడా సిరా పైకి తేలుతుంది.

గీసే వరస: మొదట మూలగీత, తర్వాత గోడ మధ్య నిలువు, తర్వాత పెద్ద ఆకారాల మూలబిందువులు, చివరికి గీతలు. ప్రతి బిందువునీ మూలగీత నుంచే కొలవాలి, పక్క బిందువు నుంచి కాదు. లేకపోతే పావంగుళం తప్పు నాలుగు చోట్ల పేరుకుని అంగుళమవుతుంది.

వలయానికి దారం వద్దు, సాగుతుంది. సన్నటి చెక్క బద్దకి ఒక చివర మేకు చిల్లు, వ్యాసార్ధం కొలిచి ఇంకోచోట పెన్సిలు చిల్లు. మేకు దిగిన చోట తర్వాత లప్పం పెట్టండి.

ప్రతి గడిలో చిన్న టేపు ముక్క మీద రంగు పేరు రాసి అంటించండి. వేరేవాళ్ళ చేత వేయిస్తుంటే ఇది మరీ ముఖ్యం. అమెరికన్ కళాకారుడు సోల్ లెవిట్ 1968లో మొదలుపెట్టిన తన గోడ బొమ్మల్ని చాలావరకు రాతపూర్వక సూచనలిచ్చి సహాయకుల చేత వేయించాడు. మన పెయింటర్‌కి నోటిమాటగా చెప్పి బజారుకెళ్ళొస్తే మాత్రం ఆకుపచ్చ ఉండాల్సిన చోట నీలం ఉంటుంది.

## 8. టేపు, రంగు

గీతలు సూటిగా వస్తాయా రావా అన్నది ఈ వరస మీదే ఉంది.

1. పక్కపక్క ఆకారాలు ఒకేరోజు వేయకండి. చదరంగం గళ్ళలా ఒకటి విడిచి ఒకటి. రెండో విడత మర్నాడు.
2. టేపు ఆకారానికి బయట పడాలి, దాని లోపలి అంచు గీతని తాకాలి. రంగు వేయకూడని వైపు × గుర్తు పెట్టుకోండి.
3. ఏటీఎం కార్డుతో టేపు అంచు నొక్కి రుద్దండి.
4. టేపు అంచు మీద బేస్ రంగుని, అంటే టేపు కింద ఉన్న రంగునే, పలచగా ఒకసారి పూయండి. సందుల్లోకి కారేది ఆ రంగే కాబట్టి కనపడదు, సందులు మూసుకుపోతాయి. ఇది చేయనివాళ్ళే "టేపు మంచిది కాదన్నా" అంటారు.
5. అది ఆరాక అసలు రంగు, రోలరుతో, టేపు నుంచి లోపలికి లాగుతూ. రెండు పలచటి కోట్లు. పచ్చి పసుపు, ఎరుపు రంగులకి మూడు పట్టొచ్చు. పసుపు కింద తెలుపు, ఎరుపు కింద బూడిద రంగు ఒక కోటు వేస్తే పని తగ్గుతుంది.
6. చివరి కోటు ఇంకా జిగటగా ఉండగానే టేపుని దాని మీదికే వెనక్కి మడిచి, 45 డిగ్రీల కోణంలో మెల్లగా లాగండి.
7. ఆరిపోయిందా? లాగకండి. ముందు కట్టరుతో అంచు వెంట పలచగా గీరండి.

## 9. మూల తిరిగే ఆకారం

రెండు గోడల మీద పరుచుకుని, ఒక్క చోటు నుంచి మాత్రం సూటిగా కనిపించే ఆకారానికి ముందు ఆ చోటు ఖాయం చేసుకోండి. సోఫాలో మీ కన్నుండే చోట, నేల నుంచి ఎత్తు కొలిచి.

ప్రొజెక్టరు దొరికితే దాని లెన్సు సరిగ్గా ఆ బిందువులో పెట్టి, రాత్రి లైట్లార్పి, వెలుగు పడ్డ చోట గీయడమే. గోడ మీద గీత విరిగి కనిపిస్తుంది, కంగారుపడకండి, అదే సరైనది.

ప్రొజెక్టరు లేకపోతే పారదర్శక ప్లాస్టిక్ షీటు మీద ఆకారం గీసి, కంటికి మూరెడు దూరంలో కదలకుండా కుర్చీ వీపుకి కట్టండి. గడ్డం ఒక స్టూలు మీది పుస్తకాల దొంతర మీద ఆనించండి. ఒక కన్ను మూసి, గోడ దగ్గర పెన్సిలుతో నిలబడ్డ మనిషికి "ఇంకాస్త పైకి, ఎడమకి, ఆఁ అక్కడే" అని చెప్తూ పోండి. అరచేతి దూరానికొక చుక్క. తల కదిలిందా, మళ్ళీ మొదటి నుంచి. నేను మా తమ్ముడితో చేసినప్పుడు రెండు గంటలు పట్టింది, మధ్యలో రెండుసార్లు తిట్టుకున్నాం.

## 10. తప్పులు, దిద్దుబాట్లు

అంచు పళ్ళుపళ్ళుగా వచ్చింది. మర్నాడు మళ్ళీ టేపు వేసి, 8లో చెప్పిన బేస్ పూత వేసి, సరైన వైపు రంగుతో దిద్దండి. చేత్తో సన్న బ్రష్షు పట్టుకుని సరిచేయబోతే అంచు ఇంకా వంకరపోతుంది.

టేపుతో పాటు బేస్ లేచొచ్చింది. లేచిన చోటు అంచులు ఇసుక కాగితంతో రుద్ది, లప్పం, ప్రైమరు, బేస్. అన్నీ ఆరాకే మళ్ళీ టేపు.

ఆకారాలు అనుకున్నదానికన్నా సన్నగా వచ్చాయి. టేపు గీత లోపలికి వేశారు. ఒక వైపు అంగుళం, రెండు వైపులా కలిపి రెండంగుళాలు పోయాయి.

బొమ్మ మొత్తం ఒక పక్కకి ఒరిగినట్టుంది. 3కి వెళ్ళండి. శ్లాబు పక్క సందుని కొలవండి. గీత చెరపనక్కర్లేదు: ఆ సందు మొత్తం పట్టీ రంగుతోనే నింపి శ్లాబుదాకా తీసుకెళ్తే వంకర మాయం. ముసలమ్మ ఇంట్లో నేను చేసింది అదే. ఆమె మళ్ళీ చూసి ఏమీ అనలేదు.

గది ఇరుకైపోయింది. ముదురు రంగు కూర్చున్నవాళ్ళ కంటి ఎత్తులో గోడ సగం దాటిందేమో చూడండి. ఆ ఆకారాన్ని కిందికి దించండి, లేదా దాని మధ్యలోంచి బేస్ రంగు పట్టీ ఒకటి తీయండి.

మిగిలిన రంగులు ఒక్కోటి చిన్న మూత సీసాలో నిండుగా పోసి, మూత మీద షేడ్ కోడ్, తేదీ రాసి, ఎండ తగలని అటక మీద పెట్టండి. ఎలక్ట్రీషియన్ వచ్చి కొత్త స్విచ్చి బోర్డు కోసం గోడ కొట్టే రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.